గంగమ్మ పూజకు రానన్న కుర్రాడికి

ప్రశ్న: మాస్టారూ, మాది జాలరిపేట. నాన్న, అన్నయ్య సొంత బోటు మీద వేటకు వెళ్తారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. నిరుడు జూన్‌లో వేట నిషేధం అయిపోయే రోజు బోటుకు చేసే గంగమ్మ పూజకు రానన్నాను. ఇదంతా భయంలో, అజ్ఞానంలో పుట్టిందని, జీపీఎస్ ఉండగా, ఫోన్లో వాతావరణం కనబడుతుండగా ఇంకా ఈ కొబ్బరికాయలెందుకని బోటు మీద పనిచేసే కలాసీలందరి ముందూ అనేశాను. "ఏట్రా, నీ సదువు గంగమ్మ కంటే పెద్దదేటి?" అన్నారు నాన్న. ఆ తర్వాత వరసగా వేట సరిగా పడలేదు. నీవల్లే అని అన్నయ్య అంటాడు. అమ్మ నన్నేమీ అనదు గానీ నా పేరు మీద వేరే మొక్కుకుంది. నాన్న అవసరం పడితేనే మాట్లాడుతున్నారు. అసలు మనుషులు మతాన్ని ఎందుకు పుట్టించుకున్నారు? ఏ దేశం చూసినా ఏదో ఒక దేవుడు ఎందుకున్నాడు? భయమా, అజ్ఞానమా, రాజులూ పూజారులూ కలిసి చేసిన మోసమా? మళ్లీ జూన్ వస్తోంది. నమ్మకం లేకుండా పూజలో నిలబడితే అది నటన కాదా?
(పేరు వెయ్యవద్దన్న పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం:

బాబూ,

ముందు చేపల సంగతి తేల్చేద్దాం. నువ్వు పూజకు రానందువల్ల చేప పోలేదు. నీళ్ల వేడి మారితే, ప్రవాహం మారితే, మేత ఎటు పోతే చేప అటు పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఒడ్డున కట్టేసిన బోట్లన్నీ ఒక్కసారే సముద్రం మీద పడితే ఎవరి వలకు ఎంత దక్కుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇది మీ అన్నయ్యకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి ఆ నింద నువ్వు మొయ్యక్కర్లేదు. అయితే అంత తెలిసిన మనిషి కూడా ఆ మాట ఎందుకన్నాడో ఆలోచించాలి. నీ పెద్ద ప్రశ్నకు జవాబులో సగం అక్కడే ఉంది.

భయమా అని అడిగావు. భయం ఉంది, దాన్ని కాదనను. కానీ ఎలాంటి భయమన్నది చూడాలి. బ్రోనిస్లా మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త, పోలండ్‌లో పుట్టినవాడు, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో అక్కడి వాళ్ల భాష నేర్చుకుని వాళ్ల మధ్యే బతికాడు. వాళ్లు తోటలు పెంచేవారు, మీలాగే చేపల వేటకూ వెళ్లేవారు. దీవి లోపలి నిలవ నీళ్లలో మందు వేసి చేపలు పట్టేవారు. అందులో ప్రమాదం లేదు, చేప పడదన్న బెంగా లేదు. బయట పెద్ద సముద్రం మీదికీ వెళ్లేవారు. అక్కడ ప్రాణానికీ భరోసా లేదు, చేప పడుతుందన్న భరోసా కూడా లేదు. లోపలి వేటకు మంత్రం లేదు, తంతు లేదు. బయటి వేటకు మాత్రం ఎంతో పెద్ద తంతు ఉండేది. మనుషులు ఒకరే, చేపలు పట్టే తెలివీ ఒకటే. తమ చేతిలో లేనిది ఎక్కడ మొదలైందో అక్కడే మొక్కు మొదలైంది.

ఇందులో మలినోవ్‌స్కీ గట్టిగా చెప్పిన సంగతి ఇంకొకటుంది. ఆ మనుషులు మంత్రాన్ని పనికి బదులుగా ఎన్నడూ వాడలేదు. పడవ చెయ్యడంలో, గాలిని చూడడంలో, తోట పెంచడంలో వాళ్లు దిట్టలు. తాము చెయ్యగలిగింది చేస్తూనే, తమ చేతిలో లేనిదాన్ని మంత్రానికి అప్పజెప్పేవారు. నీ నాన్నను గుర్తు తెచ్చుకో. గంగమ్మకు మొక్కానని ఆయన డీజిల్ తక్కువ పోయించుకున్నాడా? ఐసు వేసుకోవడం మానేశాడా? వల చిరుగులు చూసుకోకుండా బయల్దేరాడా? హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎటువైపు ఉండొచ్చో చెబుతుంది, సముద్రానికి అంత దూరాన కూర్చుని. ఆ సమాచారం ఫోన్లో చూసుకుని బోటు నడిపే సరంగు కూడా బోటు ముందు పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, కాయ కొట్టే వెళ్తున్నాడు. ఎక్కడికి వెళ్లాలో ఫోను చెబుతుంది. తిరిగి వస్తావని మాట ఇవ్వదు.

నీ క్లాసులోనే చూడు. రోజూ బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్లేటప్పుడు ఎవరూ ఆగి దణ్ణం పెట్టుకోరు. పరీక్ష రోజు ఎంతమంది గుడి ముందు చెప్పులు విప్పుతారో లెక్కపెట్టు.

అజ్ఞానమా అన్నావు. మనిషి బుద్ధి తయారైన తీరులోనే ఒక మొగ్గు ఉందంటారు ఈ విషయం చదివినవాళ్లు. పొద కదిలితే అది గాలేమో అనుకుని ఊరుకున్నవాడు ఒకనాడు పులికి చిక్కాడు. ఎవరో ఉన్నారని ఉలిక్కిపడినవాడు చాలాసార్లు ఉత్తినే భయపడ్డాడు గానీ బతికాడు, పిల్లల్ని కన్నాడు. మనమంతా ఆ ఉలిక్కిపడినవాళ్ల సంతానం. అందుకే ఉరుము వెనకా, జబ్బు వెనకా, చేప పడకపోవడం వెనకా ఎవరో ఉన్నారనిపిస్తుంది. స్టీవర్ట్ గుత్రీ, జస్టిన్ బారెట్ వంటి పరిశోధకులు ఈ దారిలో ఆలోచించారు. ఇది దెయ్యాల్ని బాగానే వివరిస్తుంది. కానీ వేలమంది కలిసి ఒక కొండ చుట్టూ ఎందుకు నడుస్తారో చెప్పదు, కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగను.

చావు దగ్గర మాత్రం ఆగాలి. మాస్కోకు తూర్పున సుంగీర్ అనే చోట సుమారు 34 వేల ఏళ్ల కిందటి సమాధి ఒకటి దొరికింది. అందులో ఇద్దరు పిల్లలు, తలకు తల ఆనించి పడుకోబెట్టి ఉన్నారు. ఒంటి మీద మామత్ ఏనుగు దంతంతో చేసిన పూసలు, ఇద్దరికీ కలిపి పదివేలకు పైగా. ఒక్కొక్క పూసా రాతి పనిముట్టుతో కోసి, నునుపు చేసి, బెజ్జం పెట్టిందే. మంచు దేశంలో, ఏ రోజు తిండి ఆ రోజు వెతుక్కునే మనుషులు, ఇక లేని పిల్లల కోసం అంత పని ఎందుకు చేశారు? వాళ్ల దేవుడెవరో మనకు తెలిసే దారి లేదు. కానీ బిడ్డ పోయాక చేతులు ఊరుకోలేకపోవడం తెలుస్తుంది. ఒక పని కావాలి, ఆ పని అందరూ కలిసి చెయ్యాలి, ఇలాగే చెయ్యాలన్న పద్ధతి ఒకటి ఉండాలి. సముద్రం శవాన్ని కూడా తిరిగి ఇవ్వని ఇళ్లు మీ పేటలో ఉంటాయి. ఆ ఇళ్లలో పదకొండో రోజు ఏం చేస్తారో, దాని తర్వాత ఆ మనిషి భార్య ఎలా లేచి నిలబడుతుందో నీకు నేను చెప్పేదేముంది. ఫిజిక్స్ మునిగిపోవడాన్ని వివరిస్తుంది. మునిగినవాడి ఇంట్లో మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించాలో దాని ప్రశ్న కాదు.

ఇక మోసం సంగతి. రాజులు మతాన్ని వాడుకున్నారు, అది నిజం. కృష్ణదేవరాయలు గజపతుల మీద గెలిచి, 1516లో సింహాచలం వచ్చి స్వామికి నగలు సమర్పించాడు. ఓడించిన రాజు ప్రజలు కొలిచే దేవుడికి తానూ మొక్కితే ఆ ప్రజలు తననూ ఒప్పుకుంటారు. అందులో భక్తీ ఉండొచ్చు, రాజనీతీ ఉంది. కానీ రాజులే మతాన్ని పుట్టించారంటే లెక్క కుదరదు. టర్కీలో గోబెక్లి టెపె అనే చోట సుమారు 11 వేల ఏళ్ల కిందట మనుషులు అయిదు మీటర్ల పైచిలుకు ఎత్తున్న రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి మీద నక్కల్ని, పాముల్ని, రాబందుల్ని చెక్కారు. అప్పటికి రాజు లేడు, రాజ్యం లేదు, నాటి పెంచిన పంట కూడా ఇంకా లేదు. వేటాడి, ఏరుకుని తినేవాళ్లు కలిసి చేసిన పని అది. పూజారి సంగతికి అంత దూరం పోనక్కర్లేదు, బురుజుపేట దాకా వెళ్తే చాలు. కనకమహాలక్ష్మి అమ్మవారి మీద పైకప్పు లేదు, భక్తులే స్వయంగా చేత్తో తాకి పసుపూ కుంకుమా పెడతారు. మార్గశిర గురువారం తెల్లవారుజామున ఆ వరసలో నిలబడిన ఆడవాళ్లను ఎవరో మోసగించి తెచ్చారంటే నేనొప్పుకోను.

మరి ఎందుకు? భయం, బుద్ధి మొగ్గు, చావు, ఇవన్నీ నిజమే అయినా వీటన్నిటినీ ఒకచోట కట్టి, వేల ఏళ్లు నిలబెట్టిన బలం మరొకటి అని నేను నమ్ముతున్నాను. ఒంటరిగా చెయ్యలేని పనుల్లో ఒకరినొకరు నమ్మాల్సిన అవసరం అది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమీల్ దుర్ఖైమ్ 1912లో ఇదే చెప్పాడు. విడివిడిగా తిరిగే జనం ఒకచోట చేరి ఆడి పాడినప్పుడు తమకంటే పెద్దదేదో తమలోకి వచ్చినట్టు అనిపిస్తుంది, ఆ పెద్దదానికే వాళ్లు దేవుడని పేరు పెట్టుకున్నారన్నాడు. ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి రాసినా ఆయన ఆ దేశం ఎప్పుడూ వెళ్లలేదు. మనం మాత్రం ఆషాఢంలో సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ చూస్తూనే ఉన్నాం. కొండ మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చాలామంది వట్టి కాళ్లతో, రాత్రంతా నడుస్తారు. దారి పొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్లు మజ్జిగ పోస్తారు, అరటిపళ్లు చేతిలో పెడతారు, పాదాలకు మందు రాస్తారు. నీ కులమేది, ఊరేది అని అడగరు. మామూలు రోజున అదే రోడ్డు మీద అదే మనుషులు ఒకరినొకరు హారన్ కొట్టుకుంటూ పోతారు.

కష్టపడి కలిసి చేసిన తంతు మనుషుల్ని మారుస్తుందన్నదానికి పరిశోధనలున్నాయి. మారిషస్‌లో తమిళులు తైపూసం నాడు ఒంటికి సూదులు గుచ్చుకుని కావడి మోస్తారు. దిమిత్రిస్ జిగలాతాస్ అనే మానవశాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ పండగ భక్తుల చేతికి కొంత డబ్బిచ్చి, అందులో ఎంత దానం చేస్తారో చూశారు. కూర్చుని ప్రార్థన చేసినవాళ్ల కంటే నొప్పి భరించినవాళ్లు ఎక్కువిచ్చారు, వాళ్ల వెంట నడిచినవాళ్లు కూడా ఎక్కువే ఇచ్చారు. అమెరికాలో 19వ శతాబ్దంలో ఎన్నో సమష్టి జీవన సంఘాలు పుట్టాయి, కొన్ని దేవుడి పేరున, కొన్ని సోషలిజం పేరున. రిచర్డ్ సోసిస్ అనే పరిశోధకుడు 200 సంఘాల చరిత్ర తిరగేశాడు. మతం మీద నిలబడినవి ఎక్కువ కాలం బతికాయి. వాటిలోనూ తిండి మీద, తాగుడు మీద, బట్టల మీద కట్టుబాట్లు ఎక్కువ పెట్టినవి ఇంకా ఎక్కువ కాలం నిలిచాయని తర్వాత తేలింది. మతం లేని సంఘాల్లో అవే కట్టుబాట్లకు ఆ బలం రాలేదు. ఊరికే నోటితో నీవాడినంటే ఎవరు నమ్ముతారు? ఏదో ఒకటి వదులుకుని చూపించాలి.

ఇప్పుడు మీ జాలరిపేటకు వద్దాం. చార్లెస్ నకోల్స్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త మన విశాఖ జాలర్ల మధ్యే ఉండి పరిశోధన చేశాడన్న సంగతి నీకు తెలుసో లేదో. ఇంట్లో జబ్బు చేసినా, వేట పడకపోయినా మీవాళ్లు కారణం చూసి చెప్పే దాసుణ్ణి అడుగుతారు కదా. అక్కడ తరచుగా ఏం తేలుతుందో ఆయన రాసుకున్నాడు. ఇంటి అమ్మవారికి కోపం వచ్చింది. ఎందుకు? చెల్లించాల్సింది చెల్లించలేదు. ఎందుకు చెల్లించలేదు? అన్నదమ్ములకు పడక, కలిసి చెయ్యాల్సిన పూజ ఆగిపోయింది. దానికి విరుగుడు ఏమిటంటే అన్నదమ్ములు మాట్లాడుకోవాలి, ఖర్చు కలిసి పెట్టుకోవాలి, ఒకే చోట నిలబడి మొక్కాలి.

ఇది మళ్లీ ఒకసారి చదువు బాబూ. బోటు ఒకరిదే అయినా వల ఒక్కడు లాగలేడు. అప్పు ఒక్కడు తీర్చలేడు. నడి సముద్రంలో ఇంజను ఆగిపోతే పక్క బోటు వాడు తాడు వెయ్యాలి. అలాంటి బతుకులో అన్నదమ్ముల పోట్లాట ప్రాణాంతకం, తుఫాను ఎంతో అదీ అంతే. ఆ పోట్లాటను ముదరనివ్వకుండా, ఎవరి పరువూ పోకుండా ఆపే మార్గాన్ని ఆ ఊరు అమ్మవారి కోపం రూపంలో తయారు చేసుకుంది. "మీరు తగువు మానండి" అని పెద్దమనిషి చెబితే, నువ్వెవడివి అంటారు. అమ్మవారు అడిగిందంటే ఇద్దరూ తగ్గొచ్చు, ఇద్దరిలో ఎవరూ ఓడిపోరు. కూర్చుని ఎవరూ దీన్ని పన్నలేదు. ఇలా కలిసి ఉన్న ఇళ్లు నిలబడ్డాయి, నిలబడ్డ ఇళ్ల పద్ధతి పిల్లలకు వచ్చింది. మానవ సమాజాలు మతాన్ని ఎందుకు పెంచుకున్నాయంటే నాకు దీనికంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

మీ అన్నయ్య నిందలో రెండు మాటలున్నాయి. చేప నీవల్ల పోయిందన్నది ఒకటి, అది తప్పు. బోటు దగ్గర అందరం నిలబడ్డప్పుడు నువ్వు లేవన్నది రెండోది. అది ఒప్పు, దానికే ఆయన మనసు నొచ్చుకుంది.

ఇంత చెప్పి మతం చేసిన కీడు దాచిపెడితే నీకు అన్యాయం చేసినట్టే. లోపలివాళ్లను కట్టే తాడే బయటివాళ్లకు కంచె అవుతుంది. గుడి కట్టడానికి రాళ్లు మోసినవాళ్ల పిల్లలను గుడిలోకి రానివ్వని కాలం మొన్నమొన్నటిది. మన విశాఖ అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1947లో ఆలయ ప్రవేశ చట్టం చెయ్యాల్సి వచ్చింది. చట్టం వచ్చిన చాలా ఏళ్లకు కూడా గడప దాటనివ్వని ఊళ్లున్నాయి. జబ్బుకీ నష్టానికీ వెనక ఎవరో ఉన్నారన్న ఆలోచన తప్పుదారి పడితే ఎంత దూరం పోతుందో ఉత్తరాంధ్రవాళ్లకు చెప్పక్కర్లేదు. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారని నిందవేసి ఇక్కడే మనుషుల్ని చంపారు. అలా బలయ్యేది దిక్కులేనివాళ్లే. అందుకే నీ మీద పడ్డ నిందను, అది ఎంత చిన్నదైనా, నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఇంకో సంగతి కూడా నీకు పనికొస్తుంది. ఏ మతమూ దానంతట అది శాశ్వతం కాదు. భీమిలి రోడ్డు మీద తొట్లకొండ ఎక్కి చూడు. రెండువేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలూ రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే సముద్ర వ్యాపారం డబ్బు ఆ కొండ ఎక్కింది, వర్తకులు ఆ సంఘాన్ని పోషించారు. పోషించే జనం పోయాక స్తూపం మట్టిలో కలిసింది. ఎవరూ వాదనలో ఓడించి దాన్ని పడగొట్టలేదు. అదే తీరంలో ఇప్పుడు పోర్టులోకి ఓడలు వచ్చే దారి మీద మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. దేవుళ్లు వేరైనా ముగ్గురినీ సముద్రం వైపు చూసే చోటే నిలబెట్టుకున్నారు మనవాళ్లు.

ఇక నువ్వేం చెయ్యాలి. మతం ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, దేవుడున్నాడా అన్నది వేరే ప్రశ్న. పైన చెప్పిందంతా మొదటిదానికే. ఎలా పుట్టిందో తెలిసినంత మాత్రాన ఉన్నాడనీ తేలదు, లేడనీ తేలదు. రెండోది నువ్వు జీవితాంతం ఆలోచించుకో, తొందరేమీ లేదు. నిరుడు నువ్వు ఈ రెంటినీ కలిపి, అదీ కలాసీల ముందు, నాన్న మీదికి విసిరావు. తన బోటు మీద తన మాటకు విలువ లేకపోతే నడి సముద్రంలో ఆ కుర్రాళ్లు ఆయన మాట వింటారా? అందుకు క్షమించమని అడుగు. నమ్మనందుకు అడగక్కర్లేదు, అందరి ముందూ అన్నందుకు అడుగు. "నాన్నా, ఆ రోజు అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది" అంటే చాలు. వాదన మొదలెట్టకు, ఈ ఉత్తరం చదివి వినిపించకు.

అన్నయ్యకు మాత్రం సూటిగా చెప్పు: చేప సంగతి నా మీద వెయ్యొద్దు, కలిసి నిలబడమంటే నిలబడతాను. అమ్మ మొక్కు అమ్మది. దాన్ని తీర్చడానికి తోడు రమ్మంటే వెళ్లు.

పూజ రోజు సాయంత్రం వెళ్లకు, పొద్దున్నే హార్బరుకి వెళ్లు. చేతకాని చుట్టంలా ఒడ్డున నిలబడితే ఇద్దరికీ ఇబ్బందే. నీకు తెలిసిన పని చేతిలోకి తీసుకో. జీపీఎస్ సరిగా చూపిస్తోందా, వైర్‌లెస్ సెట్టు పలుకుతోందా, బ్యాటరీలు ఛార్జి అయ్యాయా, కలాసీలందరికీ సరిపడా లైఫ్ జాకెట్లున్నాయా, బకిళ్లు పట్టుకుంటున్నాయా, ఒక్కొక్కటీ చూడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బోటును ఎలా కాపాడుకున్నారో, ఏం పోగొట్టుకున్నారో నాన్నను అడుగు. అప్పటికి నువ్వు చిన్నవాడివి. ఆయన చెప్పడం మొదలుపెడితే మధ్యలో లెక్కలు సరిదిద్దకు.

నటనా అని అడిగావు. నమ్ముతున్నానని నోటితో చెబితే నటన. ప్రసాదం కోసమో, ఎవరి మెప్పు కోసమో కళ్లు మూసుకుని చేతులు జోడిస్తే నటన. నీ వాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సముద్రం మీదికి వెళ్లే రాత్రి వాళ్ల పక్కన నిలబడి, కొబ్బరికాయ చేతికిస్తే కొట్టి, వాళ్లు క్షేమంగా రావాలని కోరుకోవడంలో అబద్ధమేదీ లేదు. ఆ కోరిక నీకు నిజంగా ఉందా లేదా? ఉందని నీ ఉత్తరంలో ప్రతి వాక్యం చెబుతోంది. గంగమ్మ మీద నమ్మకం ఉందా అని నాన్న సూటిగా అడిగితే లేదనే చెప్పు, మెల్లగా చెప్పు. ఆయన అడుగుతారని నేననుకోను.

ఒక్క విషయంలో మాత్రం ఎవరు ఏమన్నా తగ్గకు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున, పూజ అయింది కదా అమ్మ చూసుకుంటుందని ఎవరైనా బోటు తియ్యబోతే అడ్డం నిలబడు. ఆ మాట వినే చనువు నాన్న దగ్గర తిరిగి సంపాదించుకోవడానికైనా జూన్ 14న అక్కడ ఉండు. వైర్‌లెస్ సెట్టు ఒకవేళ పలకకపోతే అంతకు ముందు వారంలోనే బాగుచేయించు, ఆఖరి రోజున మెకానిక్కులు దొరకరు.